ఐదు రోజుల మిర్చి

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది పరకాల దిక్కు ఒక ఊరు. బాపు పత్తి, మిర్చి ఏస్తడు. నేను హన్మకొండల రూం తీస్కొని మెడికల్ షాపుల పని చేస్తున్న. వయసు 29. రాత్రి పదింటికి రూంకొచ్చి, తిని, ఒక గంట ల్యాప్‌టాప్‌ల గేమ్స్ ఆడుత. రోజు మొత్తంల నాది అనిపించే గంట గదొక్కటే. చిన్నప్పటి దోస్తులం నలుగురం వాట్సాప్ గ్రూపుల ఉంటం. ఒకడు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్, వానికి పెద్ద సిస్టం ఉన్నది. ఇంకొకడు దుబాయ్‌ల క్యాంపు రూంల ఉంటడు, ప్లేస్టేషన్ కొనుక్కున్నడు. ఆళ్లు చెప్పిండ్రని ఎల్డెన్ రింగ్ కొన్న, నా ల్యాప్‌టాప్‌ల నడువనే లేదు, పైసలు పోయినయ్. హాలో నైట్ కొన్న, తొమ్మిది గంటలాడి, మాంటిస్ లార్డ్స్ అనే శత్రువుల దగ్గర ఇరవైసార్లు సచ్చి బంద్ చేసిన. 'గది నచ్చలేదంటే నీకు గేమ్స్ అంటేనే తెల్వదు' అన్నరు.

మల్ల నేనే ఎతుక్కొని స్టార్‌డ్యూ వ్యాలీ కొన్న. రెండు నెలల సంది అదే ఆడుతున్న. గ్రూపుల 'మీరు గూడ ఆడుండ్రి' అని పెడితే 'ఊర్ల పొలం ఇడిసిపెట్టి పోయి కంప్యూటర్ల పొలం దున్నుతున్నవా, పిల్లలాట గది' అని నవ్విండ్రు. మూడోవాడు రమ్మీ యాప్ లింకు పంపి 'గిది ఆడు, పైసలన్న వస్తయ్' అన్నడు. గ్రూపు మ్యూట్ చేసి మూడు వారాలాయె. పోయిన నెల ఊరికి పోయినప్పుడు బాపు ఎనుక నిలబడి తెర చూసి 'గదేం పంట బిడ్డా' అన్నడు. సిగ్గయి ల్యాప్‌టాప్ మూసేసిన. ఒక ఆట కొనేముందు ఎవరి మాట నమ్మాలె అక్కా? నాకు నచ్చింది లొల్లి గాకుంట ఎట్ల చెప్పాలె? అసలు నాకే ఆటలు చేతగావా?

పరకాల తమ్ముడు

సమాధానం:

తమ్మీ, నీ ఉత్తరంల ఆటల పేర్ల కన్న ముందు ఒక మాట దగ్గర నేను ఆగిన. 'రోజు మొత్తంల నాది అనిపించే గంట' అని రాసినవ్. పొద్దంత మందుల చీటీలు సదివి, నిలబడి నిలబడి కాళ్లు గుంజి, పదింటికి రూం తాళం తీసిన మనిషికి మిగిలే గంట అది. ఎల్డెన్ రింగ్ ఆడుమన్న దోస్తుకు ఆ గంట సంగతి ఎరుక లేదు. నువ్వు చెప్పలే, ఆయన అడగలే. మీ లొల్లికి మొదలు అక్కడ్నే ఉన్నదని నాకనిపిస్తది.

ఎవరన్న ఒక ఆట మంచిగున్నదంటే, ఆ మాటల సగం ఆట గురించి ఉంటది, సగం చెప్పినోళ్ల గురించి ఉంటది. ఆళ్ల చేతికెంత అలవాటున్నది, ఎంత టైమున్నది, ఏ సిస్టం మీద ఆడిండ్రు, ఆ దినాలల్ల మనసెట్లున్నది, ఇయన్ని 'సూపర్ రా' అన్న ఒక్క మాట లోపల దాగి ఉంటయ్. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరిల వచ్చింది. గొప్ప ఆట, నాకు గూడ ఇష్టం. గని దాన్ని నడిమిట్ల ఆపుదమంటే ఆపే బటన్ లేదు. ఇంటి ఓనర్ తలుపు కొట్టినా, అమ్మ ఫోన్ చేసినా, నీ మీదికొచ్చే రాక్షసుడు ఆగడు. ఒక్క కోట కాడ రెండు రాత్రులు పోయినా ముందుకు పోకపోవచ్చు. శని, ఆదివారాలు సెలవున్న పిల్లగానికి అది పండుగ. పదకొండున్నరకు పండుకొని పొద్దున్నే షాపు షట్టరు ఎత్తాల్సినోనికి అది ఇంకో డ్యూటీ. ఆయన చెప్పింది అబద్ధం గాదు, నీ గంటకు మాత్రం కుదరలే.

సిస్టం ముచ్చట గూడ గింతే. ఎల్డెన్ రింగ్‌కు తక్కువల తక్కువ 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 అసొంటి విడి గ్రాఫిక్స్ కార్డు, 60 జీబీ జాగ కావాలె. స్టార్‌డ్యూకు 2 జీబీ ర్యామ్, 500 ఎంబీ జాగ చాలు. ఈ లెక్క స్టీమ్ అని కంప్యూటర్ ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణంల ప్రతి ఆట పేజీ అడుగున రాసి ఉంటది. పైసలు కట్టేముందు అక్కడిదాక దిగి చూసుడు ఒక్క నిమిషం పని.

పోయిన పైసల గురించి: స్టీమ్‌ల కొన్నవైతే, కొని 14 రోజులు దాటకుంట, ఆడింది 2 గంటల లోపయితే, కారణం ఏదైనా వాపసు అడగొచ్చు. నడువనే నడువని ఆటకు నీ పైసలు నీకు మల్లొస్తుండె. ఇప్పుడు గడువు దాటినా సరే, నడువలేదన్న సంగతి రాసి ఒకసారి అడుగు. గడువు దాటిన అర్జీలు గూడ చూస్తమనే ఆళ్ల రూల్ల రాసి ఉన్నది. ఇస్తరని నేను మాటియ్య. ఇగముందు మాత్రం ఏ ఆటైనా కొన్న వారంలనే మొదలుపెట్టు, గంటన్నర కాంగనే ఆగు. రేపు రాత్రి పదింటికి దీన్ని మల్ల తెరువ బుద్ధయితదా అని నిన్ను నువ్వే అడుగు. కాదనిపిస్తే ఆ రోజే వాపసు పెట్టు. తక్కువ ధరకొచ్చిందని కొని మూలకు పడేసిన ఆటకు ఈ దారి ఉండదు, యాదుంచుకో.

ఎవరి మాట నమ్మాలె అన్నవ్. దానికి నా సంగతి ఒకటి చెప్త. 2004ల నేను హన్మకొండల ఇంటర్ చదువుతున్న. మా అన్న, అన్న దోస్తులు సుబేదారి దిక్కు ఒక నెట్ సెంటర్ల గంట లెక్కన పైసలు కట్టి వైస్ సిటీ ఆడేటోళ్లు. ఆడపిల్లలు పోయే జాగ గాదది, అన్న ఎంబడి ఉంటేనే నాకు లోపలికి దారి. నేను కుర్చీల కూసుంటే ఎనుక ముగ్గురు నిలబడి 'అటు తిప్పు, ఇటు తిప్పు' అని ఒర్లేటోళ్లు. ఒక్క తప్పు జరిగిందంటే చెయ్యి వణికి, మౌస్ ఇడిసిపెట్టి లేచేదాన్ని. సెంటర్ నడిపే అన్న నాల్గైదు రోజులు ఏమనకుంట చూసిండు. తర్వాత ఒకరోజు మూల మీది సిస్టం కాడికి పిలిచి ప్రిన్స్ ఆఫ్ పర్షియా పెట్టిచ్చిండు, 2003ల వచ్చిన శాండ్స్ ఆఫ్ టైం. గోడ మీద ఉరికేటప్పుడు కాలు జారి పడ్డమనుకో, ఒక బటన్ వత్తి కాలాన్ని ఎనుకకు తిప్పొచ్చు, పడకముందుకు పోవచ్చు. 'ఇండ్ల తప్పు చేస్తే దిద్దుకోవచ్చు చెల్లె, జల్ది చెయ్యకు' అన్నడు.

ఆ సాయంత్రం మొదలు నేను ఇప్పటిదాక ఆటలాడుతనే ఉన్న. ఆయన నాకు ఆ ఏడు వచ్చిన గొప్ప ఆటల పట్టీ సదివి చెప్పలే. నేను ఏడ తడబడుతున్ననో చూసిండు, నా చేతికి సరిపోయేది తెచ్చి ముందర పెట్టిండు. నువ్వు ఆడుతుంటే ఎన్నడన్న పక్కన కూసొని చూసినోళ్లున్నరా? ఉంటే ఆళ్ల మాట ముందు విను. లేకపోతే నీకు ఇష్టమైన మూడు ఆటలు, నువ్వు మధ్యల ఇడిసిపెట్టిన మూడు ఆటలు చెప్పి, 'గివి చూసి నాకేం పనికొస్తదో చెప్పు' అని అడుగు. ఇడిసిపెట్టినయి చెప్పుడే ముఖ్యం. 'మంచి ఆట చెప్పు' అంటే ఎవడైనా తనకు నచ్చిందే చెప్తడు.

ఆ పాఠం నేనే మరిచిన రోజు గూడ ఉన్నది. పోర్టల్ అని 2007ల వచ్చిన చిక్కుముడుల ఆట ఉన్నది, నాకు పానం. మా మేనమామ బిడ్డకు వారం రోజులు చెప్పి చెప్పి ఆడిపిచ్చిన. అర్ధగంటకే ఆమెకు కండ్లు తిరిగి, కడుపుల తిప్పి, ఆ రాత్రి బువ్వ తినలే. బాగలేదక్కా అంటే 'ఇంకింత ఆడు, అలవాటైతది' అన్న. అది ఇప్పటికీ యాదికొస్తే మనసున పట్టది. పాత్ర కండ్లల్లకెళ్లే లోకమంత చూపించే ఆటలల్ల కొందరికి అట్లయితది. కండ్లేమో కదులుతున్నమంటయ్, లోపలి చెవేమో కుర్చీల కూసున్నమంటది, ఆ రెంటికి పొత్తు కుదరక వాంతికొస్తది. సెట్టింగులల్ల చూపు వెడల్పు పెంచి, తెర ఊగుడు, అలుక్కపోయినట్టు కనపడుడు బంద్ చేస్తే కొందరికి తగ్గుతది, అందరికి తగ్గది. పోర్టల్ గొప్ప ఆటనే, ఆమె ఒంటికి పడలే.

ఇగ స్టార్‌డ్యూ కాడికొద్దాం. నా మనసంత అక్కడ్నే ఉన్నది.

నీ దోస్తులు నవ్విన మాట ఒక్కసారి తిరిగి చూడు. ఊర్ల పొలం ఇడిసి పోయినోడు కంప్యూటర్ల పొలం దున్నుతున్నడని. ఆ ఆట మొదలయ్యేదే అట్ల గద! పట్నంల కంపెనీ కొలువుల తెర ముందర కూసొని విసిగిన మనిషి, తాత రాసిపెట్టిన ఉత్తరం తీసి సదివి, తాత పొలానికి పోతడు. దాన్ని తయారుచేసింది ఎరిక్ బరోన్ అని అమెరికాల సియాటిల్ మనిషి. బొమ్మలు, పాటలు, కోడు, మాటలు, అన్నీ ఒక్కడే. నాలుగేండ్ల పైన పట్టింది. ఆ దినాలల్ల సాయంత్రాలు ఒక థియేటర్ల జనానికి సీట్లు చూపించే పని చేసేటోడు. 2016 ఫిబ్రవరి 26న ఆట బయటికొచ్చింది, ఇప్పటికి 4 కోట్లకు పైన కాపీలు అమ్ముడుపోయినయ్. 2024 మార్చిల గూడ ఒక పెద్ద అప్‌డేట్ ఒక్క రూపాయి తీసుకోకుంట ఇచ్చిండు. 'పిల్లలాట' అన్నోళ్లకు ఈ లెక్కలు చెప్పి నోరు మూయించుమని నేననను. నువ్వు సిగ్గుపడుతున్నవ్ గనుక నీకోసం చెప్తున్న.

దాంట్ల ఎండకాలం ఏసే మిర్చి నువ్వు చూసే ఉంటవ్. గింజ ఏసిన ఐదు రోజులకు కాత, ఆ తర్వాత మూడు రోజులకొకసారి ఏరుకోవచ్చు. ఆ ఆట పైసలల్ల గింజల సంచి 40, మామూలు కాయ ఒక్కటి 40. మొదటి కాయతోనే పెట్టుబడి చేతికొస్తది, రెండో ఏరుడు సంది లాభమే. వానొస్తే నీళ్లు పెట్టే పని తప్పుతది. కాకులొస్తయ్, దిష్టిబొమ్మ పెడితే ఆగుతయ్. అమ్మెతందుకు పెట్టెల ఏసిన పంట ధర రాత్రికి రాత్రి పడిపోదు. నిన్నెంతనో నేడంతే.

మన దిక్కు మిర్చి ఎట్లుంటదో నీకు నేను చెప్పాల్నా? వానకాలంల నారు పోసి, అది పెంచి, నాటు ఏసి, చలి ముదిరినంక గని ఏరుడు మొదలుగాదు. 2021లొచ్చిన నల్లతామర పురుగు మిర్చి పువ్వునే తినేస్తే, ఎన్ని మందులు కొట్టినా చేన్లు మాడిపోయినయ్, కొందరైతే తోట పీకేసిండ్రు. దాన్ని దాటి వచ్చిన కాయను కూలోళ్లతోని ఏరిపిచ్చి, కల్లంల ఎండబెట్టి, బస్తాలు నింపి, ఎనుమాముల మార్కెట్‌కు తెస్తే, పొద్దున పాడిన ధర మన బస్తా కాడికొచ్చేసరికి ఉంటదన్న నమ్మకం లేదు. ఆ బస్తాల మీద కూసొని ధర కోసం ఎదురుచూసిన బాపు కొడుకువు నువ్వు. నువ్వు ఆ ఆటల ఏం చూసుకుంటున్నవో నాకు తెల్వదు, నేను నీ మనసుల దూరలేను. కష్టానికి తగ్గ ఫలం తప్పకుంట వచ్చే పొలం ఒక్కటన్న ఉండాలని నీకు అనిపించిందేమో అని మాత్రం నా ఊహ. అది పిల్లతనం గాదు తమ్మీ. ఎల్డెన్ రింగ్‌ల ఇరవై అడుగుల రాక్షసున్ని పడగొట్టి మీ సాఫ్ట్‌వేర్ దోస్తు తన రోజు నుంచి ఏం గుంజుకుంటున్నడో, నువ్వు అదే గుంజుకుంటున్నవ్.

ఇంకొకటి గూడ ఉన్నది. స్టార్‌డ్యూల ఒక రోజు మన లెక్కల సుమారు 14 నిమిషాలు. పండుకుంటెనే ఆట సేవ్ అయితది. గంటల నాలుగు రోజులు చేసి, మంచం మీద పండుకోబెట్టి, ల్యాప్‌టాప్ మూసి నువ్వూ పండుకోవచ్చు. నీ గంటకు కుట్టిచ్చిన అంగి లెక్క సరిపోయింది. ఎవరూ చెప్పకుంట నీ అంతల నువ్వే ఎతుక్కున్నవ్ సూడు, అందుకే నీకు ఆటలు చేతగావన్న మాట నేనొప్పుకోను.

హాలో నైట్ సంగతి గూడ దాపరికం లేకుంట చెప్త. ఆస్ట్రేలియాల అడిలైడ్ ఊర్ల పిడికెడు మంది చేసిన ఆట అది, 2017ల వచ్చింది. కష్టం తగ్గించే సెట్టింగ్ దాంట్ల లేదు. మాంటిస్ లార్డ్స్ దగ్గర ఇరవైసార్లు సచ్చుడు వింత గాదు, మస్తు మంది ఆగింది అక్కడ్నే. నీకెవరూ చెప్పనిదేందంటే, ఆళ్లను గెలువకుంట గూడ ఆట ముందుకు పోతది. మ్యాప్‌ల ఇంకో దారి పట్టి, కత్తి పదును పెంచుకొని, పానం పెంచుకొని, మనసైతే మల్ల రావొచ్చు. నీ దోస్తులు 'తెల్వదు' అని కొట్టిపడేసే బదులు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే నువ్వు ఇంకా ఆడుతుండేటోనివేమో. ఇప్పుడు మల్ల పట్టుకొమ్మని మాత్రం నేననను. తొమ్మిది గంటలాడి నచ్చలేదనుడు గూడ అభిప్రాయమే, పూర్తి చేసినోళ్లకే మాట్లాడే హక్కున్నదని ఎక్కడా లేదు.

కష్టం తగ్గించుకొని ఆడితే అది ఆటే గాదనే మాట గూడ మీ గ్రూపుల ఏదో రోజు వస్తది. అప్పుడు సెలెస్ట్ పేరు యాదికి తెచ్చుకో. 2018ల వచ్చిన కొండెక్కే ఆట, చేతులకు పరీక్ష పెట్టే ఆటలల్ల పేరున్నది. తయారుచేసినోళ్లే దాంట్ల సాయం చేసే పద్ధతి పెట్టిండ్రు, ఆట ఉరుకుడు తగ్గించుకోవచ్చు, అలసట లేకుంట చేసుకోవచ్చు, దెబ్బ తగలకుంట గూడ చేసుకోవచ్చు. 2020ల వచ్చిన హేడీస్‌ల గాడ్ మోడ్ అని ఉంటది. పెట్టుకోంగనే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతది, సచ్చినప్పుడల్ల ఇంకో 2 శాతం తగ్గుకుంట 80 దాక పోతది. కథ మారదు, అంతిమం మారదు. వండినోళ్లే కారం తగ్గించుకొమ్మని పక్కన పెరుగు పెడితే, పంక్తిల కూసున్నోళ్లు వద్దనుడేంది?

ఇగ ముక్కు మొహం తెల్వనోళ్ల అభిప్రాయాలు ఎట్ల సదువాలె. స్టీమ్‌ల ఒక ఆటకు 95 శాతం అని కనిపిస్తే, నూటికి 95 మార్కులొచ్చినయని చాలమంది అనుకుంటరు. అది మార్కుల లెక్క గాదు. అభిప్రాయం రాసిన వందమందిల 95 మంది బొటనవేలు పైకెత్తిండ్రని అర్థం. అందరికీ ఏదో పర్వాలేదనిపించిన ఆటకు గూడ 95 రావొచ్చు, అరవై మందిని పిచ్చోళ్లను చేసి నలభై మందికి ఎక్కని ఆటకు 60 రావొచ్చు. ఆ అరవైల ఉన్న ఆటే నీ పానానికి దగ్గరిది కావొచ్చు. అందుకే నేను అంకె చూసి, పొగిడినయి ఇడిసిపెట్టి, బొటనవేలు కిందికి పెట్టినయి ముందు సదువుత. రాసినోడు ఎన్ని గంటలాడిండో పక్కన్నే ఉంటది. ముప్పై గంటలాడి నచ్చలేదని రాసినోని ఫిర్యాదు ఓపికతోని సదువు. 'మెల్లగ నడుస్తది, రోజూ అదే పని' అని ఒకడు తిట్టిండనుకో, ఆ తిట్టే నీకు పిలుపు. 'మెనూలల్ల అక్షరాలు మస్తు చిన్నగున్నయ్' అన్నడనుకో, రాత్రి పది దాటినంక నీ కండ్ల సంగతి ఆలోచించుకో.

అభిప్రాయానికి తేది గూడ ఉంటది. సైబర్‌పంక్ 2077 చూడు. 2020 డిసెంబర్ 10న వచ్చినప్పుడు పాత ప్లేస్టేషన్లల్ల ఎంత ఘోరంగ నడిచిందంటే, వారం దాటంగనే సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది, 2021 జూన్‌ల గని మల్ల పెట్టలే. అదే ఆట 2023 సెప్టెంబర్‌ల 2.0 అప్‌డేట్ వచ్చినంక కంప్యూటర్లల్ల, కొత్త ప్లేస్టేషన్లల్ల మనిషి మారినట్టు మారింది. 2020ల తిట్టినోడు నిజమే చెప్పిండు, 2023ల మెచ్చుకున్నోడూ నిజమే చెప్పిండు. ఎవరన్న ఆట బాగలేదంటే 'ఎప్పుడాడినవ్, దేని మీద ఆడినవ్' అని అడుగు, సగం తగాదాలు అక్కడ్నే తెగుతయ్. యూట్యూబ్‌ల చెప్పేటోళ్లు పైసలు తీసుకొని చెప్తే ఆ సంగతి చూసేటోళ్లకు చెప్పాలని మన దేశంల ప్రకటనల మండలి 2021ల రూల్ పెట్టింది. వీడియో మొదట్ల ఆ ముక్క ఉన్నదా లేదా చూసుకో.

రమ్మీ లింకు పంపిన దోస్తు మాట వేరు. దాన్ని మిగిలిన సలహాల పక్కన పెట్టకు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లనే చట్టం చేసి ఆపింది. 2025 ఆగస్టుల పార్లమెంటు దేశమంతటా పైసల ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టం చేసింది. చేరిపిచ్చినోనికి ఇంత అని బోనస్ ఇచ్చే యాపులు ఉంటయ్, అసొంటి లింకు పంపినోనికి నువ్వు గెలిచినా ఓడినా ఏదో ముడుతది. లింకు తీసెయ్. ఆ దోస్తు గూడ పైసలు పోగొట్టుకుంటున్నడేమో, గ్రూపుల గాకుంట విడిగ ఫోన్ చేసి అడుగు. అప్పు దాక పోయిందంటే ఇంట్లోళ్లకు చెప్పేటట్టు చెయ్. ఈ ఒక్క కాడ మొహమాటపడకు.

లొల్లి గాకుంట నీకు నచ్చింది ఎట్ల చెప్పాలె? 'మీరు గూడ ఆడుండ్రి' అన్నవ్ గద, అదే మాట ఆళ్లు నీకు ఎల్డెన్ రింగ్ గురించి అన్నరు. అటు నుంచి వచ్చిన బాణమే ఇటు నుంచి పోయింది. ఈసారి దుబాయ్ దోస్తుకు గిట్ల రాసి చూడు:

'అరేయ్, నేను రాత్రి పది దాటినంక గంట ఆడుత, పెద్ద సిస్టం లేదు. స్టార్‌డ్యూల కొట్లాట తక్కువ, ఎవడూ తరుమడు. మొదటి రెండు మూడు గంటలు ఏం జరుగుతలేదనిపిస్తది. చేపలు పట్టుడు నన్ను గూడ మస్తు సతాయించింది. నీకు ఉరుకుడు, కత్తియుద్ధం కావాలంటే ఇది నీది గాదు. డ్యూటీ దిగినంక నిద్ర పట్టక, ఇల్లు యాదికొచ్చే రాత్రి ఉంటే మాత్రం జర చూడు. నీ ప్లేస్టేషన్‌ల గూడ ఉన్నది.'

ఇండ్ల నువ్వు ఎవరివో ఉన్నది, ఆట లోటు ఉన్నది, ఎవరికి పడదో ఉన్నది, ఆయన మీద నీ పావురం ఉన్నది. లోటు నువ్వే ముందు చెప్పినవ్ గనుక నవ్వేటోనికి నవ్వ బుద్ధిగాదు. వద్దంటే వద్దనే, ఇంకోసారి అడగకు. ఆయనను గూడ ఒక మాట అడుగు, 'నువ్వు రాత్రిపూట ఎప్పుడాడుతవ్, ఎందుకాడుతవ్' అని. క్యాంపు రూంల బతుకు ఏందో, ప్లేస్టేషన్ ఆయనకు ఏమైతదో, ఇన్నేండ్ల దోస్తానాల మీరెవరన్న అడిగిండ్రా? నాకైతే ఆ జవాబు వినాలని ఉన్నది.

హైదరాబాద్ దోస్తుతోని ఇంకా సుళువు. బతుకమ్మ పండుగకో సంక్రాంతికో ఊరికొస్తడు గద. స్టార్‌డ్యూను ఒకే తెర రెండు భాగాలు చేసి ఇద్దరు కలిసి ఆడొచ్చు, ఒక్క కాపీ చాలు, రెండో మనిషికి ఒక కంట్రోలర్ ఉండాలె. పక్కన కూసోబెట్టుకో, ఒక్క రోజు, 14 నిమిషాలు, అంతే అడుగు. నచ్చకపోతే ఆయన ఆట ఆయనను ఆడనియ్యి, నువ్వు పక్కన కూసొని చూడు. అంత పెద్ద రాక్షసుని ముందట ఆయన చెయ్యి ఎట్ల నడుస్తదో చూస్తే నీకు గూడ ముచ్చటేస్తది.

స్టార్‌డ్యూ తర్వాత ఏందని నువ్వు అడగలే, అయినా నా చెయ్యి ఊకుంటలేదు. స్లే ద స్పైర్ చూడు, 2019ల పూర్తిగ బయటికొచ్చిన పత్తాల ఆట. పైసల పత్తాలు గావు, నీ వంతు వచ్చినప్పుడు చేతిల ఉన్న ముక్కలతోని రాక్షసున్ని ఎదుర్కొనుడు. పచ్చీసు ఆడినట్టు నీ వంతు నీదే, పది నిమిషాలు ఆలోచించినా ఎవడూ అడగడు, ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చు. 2 జీబీ ర్యామ్ చాలు. ఒక ఆదివారం సగం రోజు చేతిలుంటే ఎ షార్ట్ హైక్ ఆడు, రెండు గంటలల్ల ఐపోయే కొండెక్కే ఆట, ఎవరూ సావరు. విచర్ 3 మాత్రం ఇప్పుడే కొనకు, ఎవరెంత చెప్పినా. అసలు కథ ఒక్కటే సుమారు 50 గంటలు. వారానికి నాలుగు రాత్రులు, రాత్రికి గంట అనుకున్నా మూడు నెలలు పడతది, అంతల ఎవరు ఎవరి బిడ్డో మరిచిపోతవ్.

బాపు అడిగిన మాట ఇంకా జవాబు లేకుంట ఉన్నది. ఈసారి ఊరికి పోయినప్పుడు నువ్వే ల్యాప్‌టాప్ తెరిచి, ఆటల ఎండకాలం మొదటి రోజు కాడ పెట్టి, బాపును పక్కన కూసోబెట్టు. మిర్చి గింజ ఆయన చేతనే ఏపియ్యి. మన గంటంపావుల ఆరో రోజు తెల్లారుతది, చెట్టుకు ఎర్రగ కాయ ఉంటది. దాన్ని చూసి ఆయన ఏమన్నడో ఉన్నదున్నట్టు నాకు రాయి.

మీ అక్క